‘నీ ఇష్టం అమ్మా’ అంటున్న నాన్నని ట్రయల్లో చేర్చవచ్చా?

ప్రశ్న: మా నాన్నగారికి 67 ఏళ్లు. సీఓపీడీ, అంటే ఊపిరితిత్తులు దెబ్బతిని ఆయాసం వచ్చే జబ్బు, అని తేలి 6 ఏళ్లయింది. రోజూ పొద్దున ఒక ఇన్‌హేలర్ పీలుస్తారు, ఆయాసం వచ్చినప్పుడు వాడటానికి ఇంకొకటి జేబులో ఉంటుంది. పోయిన సంవత్సరం రెండుసార్లు ఆయాసం బాగా ముదిరింది, ఒకసారి 5 రోజులు హాస్పిటల్లో ఉన్నారు. ఊపిరితిత్తుల్లో వాపు తగ్గించే కొత్త మందు మీద ట్రయల్ జరుగుతోందని, ఇష్టమైతే చేరమని డాక్టరుగారు చెప్పారు. నెబ్యులైజర్‌తో రోజుకి రెండుసార్లు, 24 వారాలు పీల్చాలట. కొంతమందికి మందు లేని ఉత్త ద్రావణం ఇస్తారట, ఎవరికి ఏది వెళ్తోందో డాక్టరుకి కూడా తెలియదట. మందుకి పేరు కూడా లేదు, ఏదో అంకెల కోడ్ ఉంది. ‘నాన్నని ప్రయోగాల ఎలుకని చేస్తావా’ అని మా తమ్ముడు గొడవ పెడుతున్నాడు. నాన్నని అడిగితే ‘నీ ఇష్టం అమ్మా’ అంటున్నారు. 18 పేజీల ఫారం ఇచ్చారు. రెండుసార్లు చదివినా సగం అర్థం కాలేదు. సిగరెట్ మానేశానంటారు కానీ చొక్కాల దగ్గర వాసన వస్తూనే ఉంటుంది. టెన్షన్‌తో నాకు నిద్ర పట్టట్లేదు. ఏం చేయమంటారు?
— ఒక కూతురు

సమాధానం:

అమ్మా, ముందు మీకు నిద్ర పట్టే మాట చెబుతాను. మీరు రాసినదాన్ని బట్టి ఇది చేరకూడని ట్రయల్‌లా నాకు కనిపించట్లేదు. అలాగని ఈ వారమే సంతకం పెట్టేయాల్సిన అవసరమూ లేదు. నేను ఛాతీ డాక్టర్ని. ఇలాంటి ట్రయల్స్‌లో కొన్నేళ్లు పనిచేశాను. ఆ ఫారం చేతిలో పట్టుకుని, ఏ పేజీ దగ్గర ఆగాలో తెలియక నా ఎదురుగా కూర్చున్న కొడుకుల్ని, కూతుళ్లని చాలామందిని చూశాను. ఆ 18 పేజీలు కాసేపు పక్కన పెట్టండి. మొదటి నుంచీ చెబుతాను.

మీ నాన్నగారు ఆయాసం వచ్చినప్పుడు ఎలా కూర్చుంటారో గుర్తు చేసుకోండి. ముందుకి వంగి, రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి, పెదాలు సున్నాలా చుట్టి మెల్లగా ఊదుతూ ఉంటారు. అలా కూర్చోమని వాళ్లకి ఎవరూ నేర్పరు. ఒళ్లే నేర్చుకుంటుంది. ఈ జబ్బులో గాలి లోపలికి వెళ్తుంది, బయటికి రావడమే కష్టం. సన్నని గాలిగొట్టాల లోపలి పొర వాచి, కఫం పేరుకుని, చుట్టూ ఉన్న కండరం బిగుసుకుని ఉంటుంది. పైగా ఆ గొట్టాల్ని చుట్టూ పట్టి ఉంచాల్సిన గాలితిత్తుల గోడలు ఏళ్ల తరబడి పొగకి చిరిగిపోయి ఉంటాయి. ఊపిరి వదిలేటప్పుడు గొట్టాలు ముడుచుకుపోతాయి, పాత గాలి లోపలే ఉండిపోతుంది. కొత్త ఊపిరికి చోటు ఉండదు. పెదాలు చుట్టి ఊదితే లోపల కొంచెం ఒత్తిడి నిలబడి ఆ గొట్టాలు ఇంకాస్త సేపు తెరుచుకుని ఉంటాయి. అందుకే ఆ భంగిమ.

ఇందులో చిరిగిపోయిన గోడల్ని తిరిగి కుట్టే మందు ఇప్పటిదాకా లేదు. ఈ ట్రయల్లోని మందు కూడా ఆ పని చేయదు. ఈ మాట మీ నాన్నగారికి కూడా స్పష్టంగా చెప్పాలి. మిగిలిన రెండిటి మీద, అంటే బిగుసుకున్న కండరం మీద, వాచిన పొర మీద మందులు పనిచేయగలవు. కండరాన్ని వదులు చేసే మందులు మన దగ్గర చాలా ఏళ్లుగా ఉన్నాయి, బాగానే పనిచేస్తాయి. ఇబ్బంది అంతా వాపు దగ్గరే.

వాపు అనగానే స్టెరాయిడ్ గుర్తొస్తుంది. ఆస్తమాలో పీల్చే స్టెరాయిడ్ చేసిన మేలు అంతా ఇంతా కాదు. అదే మందు సీఓపీడీలో అంత బాగా పనిచేయదు, ఎందుకంటే ఈ వాపు చాలామందిలో వేరే రకం తెల్ల రక్తకణాలతో వస్తుంది. ఆస్తమాలో ఎక్కువగా ఇయోసినోఫిల్స్, ఇక్కడ ఎక్కువగా న్యూట్రోఫిల్స్. న్యూట్రోఫిల్స్ స్టెరాయిడ్ మాట పెద్దగా వినవు. అందుకే ఇప్పుడు రక్తపరీక్షలో ఇయోసినోఫిల్స్ లెక్క చూసి నిర్ణయిస్తాం. మైక్రోలీటరుకి 300 దాటితే స్టెరాయిడ్ వల్ల ఉపయోగం బాగా ఉండే అవకాశం ఉంది, 100 లోపు ఉంటే చాలా తక్కువ. మీ నాన్నగారి పాత రిపోర్టుల్లో ఈ అంకె ఎక్కడో ఒకచోట ఉండే ఉంటుంది. వెతికి పెట్టుకోండి, ట్రయల్‌తో సంబంధం లేకపోయినా పనికొస్తుంది.

పరీక్షించకుండా మందు ఎందుకు వాడకూడదో అర్థం కావడానికి ఒక పాత ట్రయల్ సంగతి చెబుతాను. 2007లో టార్చ్ అనే పెద్ద ట్రయల్ ఫలితాలు వచ్చాయి. 6,112 మంది రోగులు, 3 ఏళ్లు. స్టెరాయిడ్, కండరం వదులు చేసే మందు కలిపి పీల్చినవాళ్లలో ఆయాసం ముదరడం తగ్గింది. అంతవరకు సంతోషమే. అదే ట్రయల్లో, స్టెరాయిడ్ ఉన్న ఇన్‌హేలర్ పీల్చినవాళ్లలో న్యుమోనియా దాదాపు నూటికి 18 నుంచి 20 మందికి వచ్చింది, ప్లసీబో, అంటే మందు లేని ఉత్తది, పీల్చినవాళ్లలో 12 మందికి. ఇది ఏ ఒక్క డాక్టరూ తన క్లినిక్‌లో కూర్చుని కనిపెట్టగలిగిన విషయం కాదు. సీఓపీడీ ఉన్నవాళ్లకి న్యుమోనియా మామూలుగానే వస్తూ ఉంటుంది. ఒకరికి వస్తే జబ్బు వల్ల వచ్చిందనుకుంటాం తప్ప మందు వల్ల అనుకోం. రెండు గుంపుల్ని పక్కపక్కన పెట్టి, ఎవరికి ఏది వెళ్తోందో తెలియకుండా ఏళ్ల తరబడి లెక్కపెడితేనే ఆ తేడా బయటపడింది. మీ తమ్ముడికి ప్లసీబో మీద కోపం ఉంటే ఈ సంగతి చెప్పండి. ఆ గుంపే లేకపోతే ఇవాళ మేము న్యుమోనియా ముప్పు ఉన్న రోగికి స్టెరాయిడ్ రాసేముందు ఆగి ఆలోచించేవాళ్లం కాదు.

ఇక ఇప్పుడు పరీక్షిస్తున్న మందుల సంగతి. మందు పేరు లేకుండా కోడ్ ఉందని మీరు భయపడ్డారు. అది మామూలే, అనుమతి రాకముందు చాలా మందులకి కోడే ఉంటుంది. అది ఏ రకం మందో మాత్రం ఫారంలో రాసి తీరాలి. పీల్చే వాపు మందు అన్నారు కాబట్టి, బహుశా పీడీఈ4 అనే ఎంజైమును అడ్డుకునే కుటుంబంలోది అయ్యుండవచ్చు. అదేనా అని అడగండి. మన కణాల్లో ‘నెమ్మదించు’ అని చెప్పే సైక్లిక్ ఏఎంపీ అనే సంకేతం ఉంటుంది. పీడీఈ4 దాన్ని ఎప్పటికప్పుడు విరగ్గొడుతూ ఉంటుంది. ఆ ఎంజైమును ఆపితే సంకేతం నిలబడుతుంది, వాపు కణాలు శాంతిస్తాయి. ఇందులో న్యూట్రోఫిల్స్ కూడా ఉన్నాయి. స్టెరాయిడ్ మాట విననివి దీని మాట కొంత వింటాయి. మాకు ఈ దారి మీద ఆశ ఉన్నది అందుకే.

ఈ కుటుంబంలో రోఫ్లుమిలాస్ట్ అనే మాత్ర 2010, 2011 ప్రాంతంలోనే యూరప్‌లోనూ అమెరికాలోనూ వచ్చింది. పనిచేస్తుంది, కానీ మాత్ర కదా, ఒళ్లంతా తిరుగుతుంది. విరేచనాలు, వికారం, బరువు తగ్గడం. అసలే చిక్కిపోయి ఉన్న రోగి ఇంకా బరువు తగ్గితే ఆ మందు ఆపక తప్పేది కాదు. నా దగ్గర ఒకాయన రెండు నెలల్లో బెల్టుకి కొత్త రంధ్రం పొడిపించుకుని వచ్చి, ‘ఆయాసం తగ్గింది డాక్టరుగారూ, నేనూ తగ్గిపోయాను’ అన్నారు. మాత్ర ఆపేశాను. అదే మందుని నేరుగా ఊపిరితిత్తుల్లోకి, తక్కువ మోతాదులో పంపితే పొట్ట జోలికి పోకుండా ఉంటుందా? ఈ కుటుంబంలో పీల్చే మందుల మీద ట్రయల్స్ ఈ ప్రశ్నతో మొదలైనవే.

ఆ దారిలో గమ్యం చేరిన మందు ఎన్సిఫెంట్రిన్. నెబ్యులైజర్‌తో రోజుకి రెండుసార్లు పీల్చాలి. పీడీఈ4తో పాటు దానికి చుట్టమైన పీడీఈ3 అనే ఎంజైమును కూడా ఆపుతుంది కాబట్టి కండరాన్నీ వదులు చేస్తుంది, వాపునీ తగ్గిస్తుంది. ఎన్‌హాన్స్ పేరుతో రెండు ట్రయల్స్ జరిగాయి, ఒకదాంట్లో 760 మంది, రెండోదాంట్లో 789 మంది. ప్రతి 8 మందిలో 5 మందికి మందు, 3కి ప్లసీబో. ఫలితాలు 2023లో వచ్చాయి, 2024 జూన్‌లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. గట్టిగా ఊదినప్పుడు మొదటి సెకనులో బయటికొచ్చే గాలిని కొలుస్తాం కదా, మందు పీల్చాక 12 గంటల సగటు చూస్తే అది ప్లసీబో కన్నా మొదటి ట్రయల్లో 87 మిల్లీలీటర్లు, రెండోదాంట్లో 94 మిల్లీలీటర్లు ఎక్కువ.

87 మిల్లీలీటర్లంటే సగం గ్లాసు కూడా కాదు. ఆ సగం గ్లాసు గాలి బాత్రూమ్ దాకా ఆగకుండా నడవగలిగేవాడికి, మధ్యలో గోడ పట్టుకుని ఆగేవాడికి మధ్య తేడా కావచ్చు. ఏమీ తెలియకుండానూ పోవచ్చు. ఈ ట్రయల్స్ కూడా అదే చెప్పాయి. రోజువారీ బతుకు ఎంత మెరుగైందో అడిగే ప్రశ్నపత్రంలో మొదటి ట్రయల్లో స్పష్టమైన తేడా తేలింది, రెండోదాంట్లో తేలలేదు. ఆయాసం ముదరడం 24 వారాల్లో మూడో వంతుకి పైగా తగ్గింది. అది పెద్ద మాటే. కానీ వాళ్లు ప్రధానంగా వెతికింది ఊపిరి కొలత. ముదరడం తగ్గిందా అన్నది రెండో వరసలో చూసిన ప్రశ్న. కాబట్టి ఆ అంకె చూసి నేను సంతోషిస్తాను, దాని మీద ఇల్లు మాత్రం కట్టను. ఇంకో మాట. కండరం వదులు చేసే దీర్ఘకాలిక మందులు రెండు కలిపి వాడుతున్నవాళ్లని ఆ ట్రయల్స్‌లో తీసుకోలేదు. నిజజీవితంలో మా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది ఆ రెండూ వాడుతూనే వస్తారు.

ఇప్పుడు మీరు ఈ ట్రయల్ డాక్టరుని అడగాల్సినవాటిలో అన్నిటికన్నా పెద్ద ప్రశ్న దగ్గరికి వచ్చాం. నాన్నగారు ఇప్పుడు పీలుస్తున్న ఇన్‌హేలర్ని ఆపమంటారా, మారుస్తారా, అలాగే ఉంచి దాని మీద కొత్తది కలుపుతారా? ఆ పొద్దున ఇన్‌హేలర్లో ఏ ఏ మందులు ఉన్నాయో మీరు రాయలేదు. డబ్బా మీద చూడండి. ఒకటే ఉందా, రెండా, మూడా? పోయిన సంవత్సరం రెండుసార్లు ముదిరి, ఒకసారి హాస్పిటల్ దాకా వెళ్లిన మనిషికి వాడే మందు తగ్గించి ప్లసీబో గుంపులో పెడితే నాకు సమ్మతం కాదు. ఇందాక చెప్పిన టార్చ్‌లో చేరేముందు అప్పటిదాకా వాడుతున్న స్టెరాయిడ్, దీర్ఘకాలిక ఇన్‌హేలర్లు ఆపాలి. ప్లసీబో గుంపులో నూటికి 44 మంది మధ్యలోనే మందు మానేశారు, రెండు మందులూ కలిపి పీల్చినవాళ్లలో 34 మంది. ప్లసీబో వాళ్లు అంత ఎక్కువగా ఎందుకు మానేశారో మీరే ఊహించుకోండి. ‘ఇప్పటి మందులు అలాగే ఉంటాయి, వాటి మీద ఇది కలుపుతాం’ అంటే, ప్లసీబో పడినా మీ నాన్నగారికి ఇప్పటి వైద్యం కన్నా తక్కువేమీ జరగదు. ‘కొన్ని ఆపాలి’ అంటే మాత్రం ఏది, ఎన్నాళ్లు, ఆ మధ్యలో ముదిరితే ఏం చేస్తారు అని ఒక్కొక్కటీ రాయించుకోండి.

జేబులో ఉండే ఇన్‌హేలర్ని మాత్రం ఏ ట్రయల్లోనూ లాక్కోరు, లాక్కోకూడదు. పరీక్ష రోజు కొన్ని గంటల ముందు నుంచి వాడొద్దంటారు, అంతే. ఆ రోజు పొద్దున నిజంగా ఆయాసం వస్తే వాడేయాలి. పరీక్ష ఇంకో రోజు పెట్టుకోవచ్చు. ఈ మాట ఆయనకి రెండుసార్లు చెప్పండి. మంచివాళ్లు, మాట తప్పకూడదనుకునేవాళ్లు ఊపిరాడకపోయినా ఓర్చుకుని కూర్చుంటారు. అలాంటి ఒకాయన పెదాలు నీలంగా మారి మా గదిలోకి రావడం నేను చూశాను. ‘వాడొద్దన్నారుగా’ అన్నారు.

ట్రయల్ రోజు ఎలా ఉంటుందో ముందే తెలిస్తే సగం భయం పోతుంది. ముక్కుకి క్లిప్పు పెడతారు. నోట్లో అట్టగొట్టం, దాని చుట్టూ పెదాలు బిగించాలి. నిండుగా ఊపిరి తీసుకుని ఒక్కసారిగా వదలాలి, పక్కన టెక్నీషియన్ ‘ఊదండి ఊదండి ఊదండి, ఇంకా, ఇంకా, ఇంకా’ అని అరుస్తూనే ఉంటారు. మెడ నరాలు తేలి, కళ్లలో నీళ్లొచ్చి, చివర్లో దగ్గు తెర ఒకటి వస్తుంది. ఊపిరి పూర్తిగా ఖాళీ అయ్యేదాకా. అలా మూడు మంచి ఊదుళ్లు కావాలి, వాటిలో అన్నిటికన్నా ఎక్కువ వచ్చిన రెండిటి మధ్య తేడా 150 మిల్లీలీటర్లు దాటకూడదు, లేకపోతే మళ్లీ. మందు ఎంతసేపు పనిచేస్తుందో చూసే రోజున ఇదే పని గంటగంటకీ, పొద్దున నుంచి సాయంత్రం దాకా చేయించవచ్చు. 67 ఏళ్ల మనిషికి అది చిన్న శ్రమ కాదు. మొత్తం ఎన్నిసార్లు రావాలి, అందులో రోజంతా ఉండాల్సినవి ఎన్ని, తీసుకురావడానికి ఎవరున్నారు? ట్రయల్ మధ్యలో మానేసే కుటుంబాల్లో చాలామంది మందు పడక మానేసినవాళ్లు కారు. తిరగలేక మానేసినవాళ్లు.

కొత్త మందు మొదటి డోసు అక్కడే, వాళ్ల కళ్ల ముందే పీల్పిస్తారు. మందు ఏదైనా సరే, పీల్చగానే కొందరికి తెరుచుకోవాల్సిన గొట్టాలు ఉల్టాగా బిగుసుకోవచ్చు. అరుదు, కానీ జరుగుతుంది. ఇంటికొచ్చాక మీరు గమనించాల్సినవి ఇంకో రెండు ఉన్నాయి. ఈ కుటుంబం మందులతో నిద్ర పట్టకపోవడం, ఆందోళన, దిగులు రావచ్చని, అరుదుగా ప్రాణం తీసుకోవాలన్న ఆలోచనలు కూడా రావచ్చని హెచ్చరిక ఉంది. ఎన్సిఫెంట్రిన్ మీద కూడా ఉంది. నాన్నగారు ఇంతకుముందు ఎప్పుడైనా డిప్రెషన్‌కి మందులు వాడి ఉంటే ట్రయల్ డాక్టరుకి ముందే చెప్పండి. చేరాక ఆయన ఉన్నట్టుండి మూగబోయినా, రాత్రిళ్లు లేచి కూర్చుంటున్నా ‘వయసు కదా’ అని వదిలేయకండి. బరువు వారానికోసారి చూసి రాయండి.

మీ తమ్ముడి కోపాన్ని నేను తప్పుపట్టను. మనుషుల మీద పరిశోధన పేరుతో ఘోరాలు జరిగాయి. అమెరికాలోని టస్కిగీలో 1932 నుంచి 1972 దాకా సిఫిలిస్ ఉన్న నల్లజాతి పురుషులకి జబ్బు పేరు చెప్పకుండా, పెన్సిలిన్ వచ్చాక కూడా ఇవ్వకుండా, జబ్బు ఎలా ముదురుతుందో చూస్తూ కూర్చున్నారు. ఎలుక అన్న మాట వెనక ఉన్న భయం అలాంటి వాటి వల్లే. ఇప్పుడు ఆ 18 పేజీలు మీ చేతిలో ఉండటానికి, వాటిని ఎథిక్స్ కమిటీ ఒకటి ముందే చదివి ఒప్పుకోవడానికి, మధ్యలో ఫలితాలు చూస్తూ మందు హాని చేస్తున్నట్టు కనిపిస్తే ట్రయల్ ఆపించే వేరే కమిటీ ఉండటానికి కారణం కూడా ఆ ఘోరాలే. ఎలుకకి ఫారం ఇవ్వరు, మధ్యలో వెళ్లిపోతానంటే పంపరు. మీ నాన్నగారు ఏ రోజైనా, కారణం చెప్పకుండా మానేయవచ్చు. మానేసినంత మాత్రాన మామూలు వైద్యం ఆగకూడదు. ఈ వాక్యం ఫారంలో ఉంటుంది. తమ్ముణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని అది వెతికించండి. హాని జరిగితే వైద్యం ఖర్చు ఎవరిది అన్న పేరా కూడా అతని చేతే చదివించండి. భయపడేవాళ్ల కళ్లు బాగా పట్టుకుంటాయి, నేను నిజంగానే చెబుతున్నాను. ట్రయల్ అయిపోయాక మందు పనిచేసిందని తేలితే ఆయనకి దొరుకుతుందా అన్నది కూడా అప్పుడే అడిగేయండి. చాలాసార్లు దొరకదు. ఆ నిరాశకి ముందే సిద్ధపడాలి.

సిగరెట్ గురించి కొంచెం గట్టిగా చెప్పాల్సి వస్తోంది, నొచ్చుకోకండి. 5,887 మంది సిగరెట్ తాగేవాళ్లతో జరిపిన లంగ్ హెల్త్ స్టడీ ఫలితాలు 1994లో వచ్చాయి. ఇన్‌హేలర్ వాడినంతకాలం ఊపిరి కొంచెం మెరుగైంది, ఆపగానే ఆ మెరుగూ పోయింది. సిగరెట్ మానడమే నిలబడింది. 11 ఏళ్ల తర్వాత చూస్తే, మానేసిన మగవాళ్లలో ఊపిరి ఏడాదికి దాదాపు 30 మిల్లీలీటర్ల చొప్పున తగ్గింది, తాగుతూనే ఉన్నవాళ్లలో 66. ఇందాకటి ఎన్సిఫెంట్రిన్ ఇచ్చేది 87, 94 అని చెప్పుకున్నాం. ఆ 36 తేడాని రెండు మూడేళ్లు కూడండి, మీకే తెలుస్తుంది. చొక్కా వాసన గురించి ఆయన్ని నిలదీయకండి. దాచిపెట్టే మనిషి ఇంకా లోపలికి దాచుకుంటాడు. ట్రయల్లో పొగ గురించి తప్పకుండా అడుగుతారు, అక్కడ నిజం చెప్పమనండి. అబద్ధం చెబితే లెక్క తప్పుతుంది. నిజం చెబితే మానడానికి సాయమూ మందులూ దొరికే దారి తెరుచుకుంటుంది. ట్రయల్లో చేరినా చేరకపోయినా ఆ సాయం అడగండి.

సంతకానికి ముందు ఇంకొక చిన్న పని. రేపు పొద్దున ఆయన ఇన్‌హేలర్ పీల్చేటప్పుడు ఏమీ అనకుండా పక్కన నిలబడి చూడండి. ఊపిరి పూర్తిగా బయటికి వదిలి మొదలుపెడుతున్నారా? నొక్కే రకమైతే, నొక్కడం, పీల్చడం ఒకేసారి జరుగుతున్నాయా? పీల్చాక పది లెక్కపెట్టేదాకా ఊపిరి ఆపుతున్నారా? స్టెరాయిడ్ ఉన్నదైతే తర్వాత నోరు పుక్కిలిస్తున్నారా? ఆరేళ్లుగా వాడుతున్నవాళ్లలో కూడా మందంతా నాలుక మీదే పోగొట్టుకునేవాళ్లు బోలెడంత మంది. ట్రయల్స్‌లో ప్లసీబో గుంపు కూడా కొంత బాగుపడటానికి ఇదొక కారణం. ఎవరో ఒకరు ప్రతిసారీ పక్కన కూర్చుని సరిగ్గా పీల్పించడం, ఫోన్ చేసి ఎలా ఉన్నారని అడగడం. తప్పు కనిపిస్తే ముందు అది సరిచేయించండి. పోయిన సంవత్సరం ఆ రెండుసార్లు ముదరడంలో దాని వాటా ఎంతో ఎవరు చెప్పగలరు?

ఇక ‘నీ ఇష్టం అమ్మా’.

నేను ఈ పనిలో కొత్తగా చేరినప్పుడు ఒక పెద్దాయన ఫారం మీద సంతకం పెట్టారు. కొడుకు పక్కనే ఉన్నాడు, నేను చెప్పిందంతా కొడుకే విన్నాడు, కొడుకే ప్రశ్నలు అడిగాడు, పెద్దాయన తలూపారు. నాలుగోసారి వచ్చినప్పుడు ఆయన ఒక్కరే వచ్చారు. గొట్టం ఊది, కళ్లు తుడుచుకుని, ‘ఇంకెన్నిసార్లు ఊదితే నయమవుతుంది డాక్టరుగారూ’ అని అడిగారు. నాకు కాళ్ల కింద నేల కదిలినట్టయింది. ఆ ఊదడమే వైద్యం అనుకుంటున్నారాయన. ఆ రోజు ఆయన ఎదురుగా కూర్చుని మొదటి నుంచీ చెప్పాను. ఇది నయం చేసే మందు కాకపోవచ్చు, మీకు వెళ్తున్నది మందు కాకపోవచ్చు, మీ వల్ల మాకు తెలిసేది రేపు ఇంకొకరికి పనికొస్తుంది, మీకు పనికొస్తుందో లేదో చెప్పలేను అని. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, ‘ముందే చెప్పినా సరే అనేవాణ్ణి. కానీ అనేది నేను అయ్యుండేవాణ్ణి’ అన్నారు. ఇంకో రెండుసార్లు వచ్చి, తర్వాత మానేశారు. తప్పు నాది. కొడుకు బాగానే అడిగాడు, నేనే తలూపడాన్ని సమ్మతి అనుకున్నాను.

అప్పటి నుంచి నేను ఫారం చదివి వినిపించాక, ‘ఇప్పుడు మీకు అర్థమైంది మీ మాటల్లో నాకు చెప్పండి’ అని రోగినే అడుగుతాను. మీరు కూడా ఇంట్లో అదే చేయండి. ఫారం మొత్తం చదవక్కర్లేదు. నాలుగు సంగతులు మీ మాటల్లో చెప్పండి: ఏం మందు, ఏం రావచ్చు, ఎన్నిసార్లు తిరగాలి, ప్లసీబో పడవచ్చు. చెప్పి ఊరుకోండి. టీవీ ఆపేసి, ఫోన్ పక్కన పెట్టేసి, నిజంగా ఊరుకోండి. మళ్లీ ‘నీ ఇష్టం’ అంటే, ‘ఒకవేళ నేను ఊళ్లో లేననుకోండి నాన్నా, డాక్టరుగారు మిమ్మల్నే అడిగారు. ఏమంటారు?’ అని అడగండి. ‘ఆ గొట్టం ఊదడం నా వల్ల కాదమ్మా’ అనవచ్చు. ‘అన్నిసార్లు నువ్వు సెలవు పెడితే ఉద్యోగం ఏమవుతుంది’ అనవచ్చు, ఆయన నోరు కట్టేస్తున్నది అదే కావచ్చు కూడా. ‘నా వల్ల ఇంకొకడికైనా మేలు జరిగితే మంచిదే కదా’ అనే పెద్దవాళ్లని నేను చాలామందిని చూశాను, మనం ఊహించనంత మందిని. ఏదన్నా సరే, ఆయన అన్నది ఆయన మాటల్లోనే ఫారం వెనక పేజీ మీద రాసి, డాక్టరుగారికి ముందు అది చూపించండి. సంతకం తర్వాత సంగతి.